కోడిన్ ఉన్న దగ్గు సిరప్: నాన్నగారికి ఎలా వాడాలి, బాబుకు ఎందుకు వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 68 ఏళ్లు. పది రోజుల కిందట జలుబు చేసింది. జలుబు తగ్గినా పొడి దగ్గు వదల్లేదు. డాక్టరు కోడిన్ (దగ్గును అణిచే మందు), క్లోర్‌ఫెనిరమిన్ (జలుబు, అలర్జీలకు వాడే మందు) కలిసిన సిరప్ రాశారు, రోజుకు మూడుసార్లు 5 మి.లీ. చొప్పున. నాలుగు రోజులుగా తాగుతున్నారు. బీపీకి రామిప్రిల్, నిద్రకు అల్ప్రజోలం ఎప్పటినుంచో వాడుతున్నారు. మధ్యలో ఒళ్లు వెచ్చబడిందని జలుబు మాత్రలు, జ్వరం మాత్రలు కూడా వేసుకున్నారు. ఇప్పుడు పగలంతా మగతగా ఉంటున్నారు. ఈలోగా మీ తొమ్మిదేళ్ల బాబుకూ దగ్గు పట్టుకుంది. సీసాలో సగం మందు మిగిలే ఉంది కాబట్టి బాబుకు సగం డోసు వేయవచ్చా అన్నది మీ ప్రశ్న.

రెండు సంగతులు ముందే చెప్పేస్తాను, మిగతాది తర్వాత తీరిగ్గా చదవండి. బాబుకు ఆ సిరప్ ఒక్క చుక్క కూడా వేయకండి. నాన్నగారికి ఈ రాత్రి డోసు ఆపి, డాక్టరుకు ఫోన్ చేయండి. నాలుగు రోజులు వాడిన దగ్గు మందు ఒక పూట మానితే కాస్త దగ్గు ఎక్కువవుతుంది, అంతకు మించి ఏమీ కాదు. అల్ప్రజోలం మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి. ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు దాన్ని ఒక్కసారిగా మానేస్తే వణుకు, గాభరా, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. దాని సంగతి డాక్టరే చెప్పాలి.

నేను ఇరవై రెండేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. దగ్గు మందుతో ఇబ్బంది పడ్డవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో డాక్టరు తప్పు మందు రాసినందువల్ల దెబ్బతిన్నవాళ్లు తక్కువ. డాక్టరుకు తెలియకుండా ఇంకో మాత్ర కలిసినవాళ్లు, ఒకరికి రాసింది ఇంకొకరు తాగినవాళ్లే ఎక్కువ. మీ ఇంట్లో ఇప్పుడు ఈ రెండూ ఒకేసారి ఎదురవుతున్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు బాబు సంగతి. పెద్దవాళ్ల డోసులో సగం వేస్తే పిల్లలకు సరిపోతుందన్న లెక్క కోడిన్ విషయంలో అస్సలు పనికిరాదు. కోడిన్ దానంతట అది పెద్దగా పనిచేసే మందు కాదు. లివర్‌లోకి వెళ్లాక అందులో కొంత భాగం మార్ఫిన్‌ అనే బలమైన మత్తు మందుగా మారుతుంది. ఈ పని చేసే ఎంజైము పేరు సీవైపీ2డీ6. అది అందరిలో ఒకే వేగంతో పనిచేయదు. కొందరిలో చాలా నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి వాళ్లకు కోడిన్ వేసినా వేయకపోయినా ఒకటే. కొందరిలో మాత్రం చాలా జోరుగా పనిచేస్తుంది. మామూలు డోసు వేసినా రక్తంలో మార్ఫిన్ అమాంతం పెరిగిపోయి ఊపిరి మందగిస్తుంది. ఎవరు ఏ రకమో మనిషిని చూసి చెప్పలేం. అన్న తాగి బాగానే ఉన్న మందు తమ్ముడికి ప్రాణాల మీదకు తేవచ్చు. పిల్లలకు ఊపిరితిత్తులు చిన్నవి, ఊపిరి దారులు సన్నవి. పైగా దగ్గు, జలుబుతో అవి అప్పటికే సగం మూసుకుపోయి ఉంటాయి. పిల్లల మరణాలు నమోదయ్యాకనే 2015లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ పన్నెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబుల కోసం కోడిన్ వాడకూడదని తేల్చింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో ఇంకో అడుగు ముందుకేసి, కోడిన్, దాని జాతిదే అయిన హైడ్రోకోడోన్ ఉన్న దగ్గు మందులు పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకే అని లేబుల్ మార్పించింది. తొమ్మిదేళ్ల బాబుకు సగం డోసు కాదు, పావు డోసు కూడా లేదు.

ఒకవేళ ఇది చదివేలోపే వేసి ఉంటే భయపడి వాంతి చేయించకండి. వెంటనే డాక్టరుకు గానీ దగ్గర్లోని ఆసుపత్రికి గానీ ఫోన్ చేసి ఎంత వేశారో, ఎప్పుడు వేశారో చెప్పండి. బాబును ఒంటరిగా పడుకోబెట్టకండి, పక్కనే కూర్చోండి. పిలిస్తే సరిగా లేవకపోవడం, ఊపిరి నెమ్మదించడం లేదా ఆగి ఆగి రావడం, గురకలాంటి కొత్త చప్పుడు, పెదాలు నీలంగా మారడం, కంటిపాప సూది మొనంతగా కుంచించుకుపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనబడినా ఫోన్ల మీద ఫోన్లు చేస్తూ కూర్చోకుండా అంబులెన్స్ పిలవండి. దీనికి నలాక్సోన్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. కోడిన్ వేశామని అక్కడివాళ్లకు మొదటి మాటగా చెబితే వాళ్ల పని సులువవుతుంది. ఈ లక్షణాలన్నీ పెద్దవాళ్లకూ వర్తిస్తాయి, కాబట్టి నాన్నగారిలో కనబడినా ఇదే చేయాలి.

ఇక నాన్నగారి మగత. అది వయసు వల్లో, జ్వరం నీరసం వల్లో వచ్చిందని నేను అనుకోవడం లేదు. ఆయన ఒంట్లో ఇప్పుడు మత్తు తెచ్చే మందులు మూడున్నాయి: కోడిన్, క్లోర్‌ఫెనిరమిన్, అల్ప్రజోలం. కోడిన్ లాంటి ఓపియాయిడ్ (మార్ఫిన్ జాతి) మందును అల్ప్రజోలం జాతి మందుతో కలిపితే ఊపిరి ఆగే ప్రమాదం ఉందని 2016లోనే ఎఫ్‌డీఏ ఆ రెండు రకాల మందుల మీదా అన్నిటికన్నా తీవ్రమైన హెచ్చరిక వేయించింది. మీ డాక్టరుకు అల్ప్రజోలం సంగతి తెలుసో లేదో నాకు అనుమానంగా ఉంది. నిద్రమాత్రను చాలామంది మందుల లెక్కలో చెప్పరు. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగితే బీపీ మాత్ర ఒక్కటే చెబుతారు.

కొన్నేళ్ల కిందట ఒకావిడ పొద్దున్నే మా కౌంటర్ దగ్గరికి వచ్చి, "మా ఆయన నిన్న రాత్రి నుంచి లేవట్లేదు, పిలిస్తే ఊ అంటున్నారు, మళ్లీ పడుకుంటున్నారు" అన్నారు. చేతిలో దగ్గు సిరప్ సీసా, ఇంకో చేతిలో నిద్రమాత్రల అట్ట. రెండూ వేర్వేరు డాక్టర్లు రాసినవి, వేర్వేరు చోట్ల కొన్నవి. నేను ఆవిడను మాట్లాడనివ్వకుండానే అంబులెన్సుకు ఫోన్ చేశాను. ఆయన బతికారు. ఆ తర్వాత నెలకు ఆయనే స్వయంగా వచ్చి చెప్పారు, దగ్గు ఆగలేదని రాత్రి రెండోసారి కూడా సిరప్ తాగారట. దగ్గు మందే కదా, ఏమవుతుందిలే అనుకున్నారట. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఆవిడ రెండు చేతులే గుర్తొస్తాయి.

ఇప్పుడు ఆ జలుబు మాత్రల దగ్గరికి వద్దాం, అసలు చిక్కు అక్కడే ఉంది. మీ సిరప్ లాంటి చాలా సీసాల్లో ప్రతి 5 మి.లీ.కి కోడిన్ 10 మి.గ్రా., క్లోర్‌ఫెనిరమిన్ 4 మి.గ్రా. ఉంటాయి. రోజుకు మూడు డోసులంటే క్లోర్‌ఫెనిరమిన్ 12 మి.గ్రా. పెద్ద వయసువాళ్లకు రోజు మొత్తానికి దాటకూడని పరిమితి సరిగ్గా అంతే, 12 మి.గ్రా. అంటే సిరప్‌తోనే గిన్నె నిండిపోయింది. సాధారణంగా దొరికే జలుబు మాత్రలో పారాసిటమాల్ 500, ఫినైలెఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమిన్ 2 మి.గ్రా. ఉంటాయి. అవి రోజుకు మూడు వేసుకుంటే క్లోర్‌ఫెనిరమిన్ ఇంకో 6 మి.గ్రా. కలిసి మొత్తం 18 అయింది. ఈ మందు ఒంట్లోంచి త్వరగా పోయేది కూడా కాదు. పొద్దున వేసింది సగం తగ్గడానికే దాదాపు రోజు పడుతుంది. కాబట్టి నాలుగో రోజుకు మగత ఇంకా పేరుకుంటుంది.

అదే జలుబు మాత్రలోని పారాసిటమాల్ చూడండి. మూడు మాత్రలకు 1500 మి.గ్రా. దాంతోపాటు జ్వరానికని 650 మి.గ్రా. మాత్ర నాలుగుసార్లు వేసుకుంటే 2600. రెండూ కలిపితే 4100. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే 24 గంటల్లో 4000 మి.గ్రా. దాటకూడదు. లివర్ బలహీనంగా ఉన్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు, మరీ సన్నగా ఉన్నవాళ్లు అంతకంటే బాగా తక్కువతో సరిపెట్టుకోవాలి. ఇక్కడ ఎవరూ ఏ మాత్రనూ ఎక్కువ వేసుకోలేదు, ప్రతిదీ దాని మీద రాసినట్టే వేసుకున్నారు. రెండు అట్టల వెనకాలా అదే పేరు ఉందని ఎవరూ చూడలేదు, అంతే. మందు కొన్నాక పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు వదిలేసి, కింద సన్నగా రాసి ఉన్న అసలు మందుల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. రెండు చోట్ల ఒకే పేరు కనబడితే అక్కడే ఆగండి.

ఫినైలెఫ్రిన్ గురించి కూడా చెప్పాలి. ముక్కు దిబ్బడ తగ్గడానికని వేస్తారు. రక్తనాళాలను బిగించే మందు కాబట్టి బీపీ ఉన్నవాళ్లకు మంచిది కాదు. పోనీ నోటి ద్వారా వేసుకుంటే ముక్కు తెరుచుకుంటుందా అంటే, అలా పనిచేయదని 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం ఏకగ్రీవంగా చెప్పింది. లాభం లేని చోట బీపీతో చెలగాటం ఎందుకు? ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు వేయండి. ఆ జలుబు మాత్రలు ఇవాళే పక్కన పెట్టేయండి.

డాక్టరు అన్నీ విని, అయినా సిరప్ కొనసాగించమంటే కొలత విషయంలో పట్టుదలగా ఉండండి. ఇంట్లో చెంచాతో పోయకండి. ఒకసారి ఒక పెద్దాయన తను రోజూ మందు పోసుకునే చెంచాను జేబులో పెట్టుకుని తెచ్చారు. సిరంజితో 5 మి.లీ. నీళ్లు కొలిచి అందులో పోశాను. అడుగు మాత్రమే తడిసింది. అంచు దాకా నిండడానికి 13 మి.లీ. పట్టింది. ఆయన ముఖం పాలిపోయింది, ఎందుకంటే వారం నుంచి నిండు చెంచా తాగుతున్నారు. 10 మి.గ్రా. కోడిన్ అనుకున్నది 26 మి.గ్రా. అన్నమాట. సీసాతో వచ్చిన కప్పునే వాడండి, దాన్ని చేత్తో పైకెత్తి పట్టుకుని కాకుండా బల్ల మీద పెట్టి, గీతకు సరిగ్గా కళ్లు ఆనించి చూడండి. కప్పు పోతే మందుల షాపులో కొలత సిరంజి అడగండి. సీసా మీద సస్పెన్షన్ అని ఉంటే ప్రతిసారీ బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగున పేరుకుని మొదటి డోసులు నీళ్లలా, చివరి డోసులు మోతాదుకు మించి వెళ్తాయి. ఒక డోసు మర్చిపోతే తర్వాతి పూట రెండూ కలిపి వేసుకోకూడదు. గుక్కతిప్పుకోలేని దగ్గు వచ్చినా సరే, రాసిన వేళ కాకుండా సీసా ఎత్తి తాగకూడదు.

నాన్నగారిని ఇంకో మూడు సంగతులు అడగండి, మొహమాటపడి ఆయన చెప్పకపోవచ్చు. మూత్రం ధార తగ్గిందా, ఆగి ఆగి వస్తోందా? ఆ వయసు మగవాళ్లలో ప్రోస్టేట్ పెరిగి ఉంటే క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాన్ని పూర్తిగా బిగించేస్తుంది, అప్పుడు గొట్టం వేయాల్సి వస్తుంది. రెండోది విరేచనం. కోడిన్ మలబద్ధకం తెస్తుంది. మూడోది కంట్లో నీటి కాసులు. గ్లకోమా అనే ఈ జబ్బులో ఒక రకానికి క్లోర్‌ఫెనిరమిన్ పడదు. రాత్రి బాత్రూముకు లేచినప్పుడు లైటు వేసే లేవమనండి, పక్కన ఎవరైనా ఉంటే ఇంకా మంచిది. పెద్ద వయసులో మగత మీద పడిపోయి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే, దగ్గు కోసం మొదలైన వైద్యం ఆపరేషన్ దాకా వెళ్తుంది. ఈ మందు వాడినన్నాళ్లూ బండి నడపకూడదు, మద్యం ముట్టకూడదు. షుగర్ ఉంటే చక్కెర లేని సిరప్ అడగాలి.

అసలు ఆయనకు ఈ సిరప్ అవసరమా అన్నది కూడా డాక్టరును అడగదగ్గ ప్రశ్నే. జలుబు తర్వాతి దగ్గు సగటున 18 రోజుల దాకా ఉంటుంది. వారం రోజుల్లో తగ్గాలని మనం అనుకుంటాం కాబట్టి పదో రోజుకే టెన్షన్ పడి మందు మీద మందు మారుస్తాం. దగ్గును అణిచే మందు పొడి దగ్గుకే పనికొస్తుంది. తెమడ పడుతున్నప్పుడు దగ్గును అణిచేస్తే ఆ తెమడ లోపలే నిలిచిపోతుంది. ఆస్తమా, సీఓపీడీ (ఊపిరి దారులు మూసుకుపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లకు కోడిన్ ఊపిరి ఇబ్బందిని ఇంకా పెంచుతుంది. నాన్నగారికి పిల్లికూతల్లాంటి చప్పుడు గానీ ఆయాసం గానీ ఉంటే అది తప్పకుండా చెప్పండి.

ఇంకో అనుమానం కూడా నాకుంది. రామిప్రిల్ జాతి బీపీ మందులు సుమారు పదిమందిలో ఒకరికి పొడి దగ్గు తెస్తాయి. గొంతులో గరగర, తెమడ లేని దగ్గు, ఏ సిరప్‌కూ లొంగదు. మందు మొదలెట్టిన వారానికే రావచ్చు, నెలల తర్వాతా రావచ్చు. జలుబు కంటే ముందే ఆయనకు ఆ దగ్గు ఉందా అని గుర్తు చేసుకోండి. ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెబితే వేరే రకం బీపీ మందుకు మార్చే వీలుంది. మార్చాక కూడా దగ్గు పూర్తిగా పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ అంతట మీరు రామిప్రిల్ ఆపకండి.

కోడిన్ బదులు డాక్టరు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న సిరప్ రాస్తే, డిప్రెషన్‌కు ఏమైనా మందులు వాడుతున్నారేమో ముందే చెప్పాలి. ఫ్లూఓక్సెటిన్, పారాక్సెటిన్ లాంటివాటితో కలిస్తే ఒళ్లు వేడెక్కి, కాళ్లూ చేతులూ అదిరి, మనిషి కలవరపడే పరిస్థితి రావచ్చు. డిప్రెషన్‌కే వాడే ఎంఏఓఐ అనే పాత రకం మందులు ఆపాక కూడా 14 రోజులు ఆగాలి. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌దీ ఇదే ఇబ్బంది.

బాబుకు ఏం చేయాలని అడుగుతారు. మామూలు జలుబు దగ్గయితే తొమ్మిదేళ్ల పిల్లాడికి సిరప్ అక్కర్లేదు. గోరువెచ్చని నీళ్లు తరచుగా తాగించండి, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయండి, పడుకునే ముందు ఒక చెంచా తేనె ఇవ్వండి. రాత్రి దగ్గుకు తేనె నిజంగానే కొంత ఉపశమనం ఇస్తుంది. ఏడాది నిండని పిల్లలకు మాత్రం తేనె పనికిరాదు. మాట మధ్యలో ఆగి ఊపిరి పీల్చుకుంటున్నా, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాగుతున్నా, జ్వరం మూడు రోజులు దాటినా, నీళ్లు కూడా తాగలేకపోతున్నా ఆలస్యం చేయకుండా చూపించండి. ఇంట్లో ఎవరికైనా సరే, దగ్గు రెండు వారాలు దాటి బరువు తగ్గడం, రాత్రి చెమటలు, తెమడలో రక్తం లాంటివి ఉంటే సిరప్ మార్చుకుంటూ కూర్చోకూడదు. క్షయ పరీక్ష చేయించాలి.

మిగిలిన సగం సీసాను గూట్లో దాచకండి. నాన్నగారికి ఇక అవసరం లేదని డాక్టరు అన్నాక మందుల షాపులో వెనక్కి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే మట్టిలోనో వాడేసిన టీ పొడిలోనో కలిపి, మూత ఉన్న డబ్బాలో పెట్టి చెత్తలో వేయండి. అప్పటిదాకా తాళం ఉన్న చోట ఉంచండి. తియ్యగా ఉంటుంది కాబట్టి చిన్న పిల్లలు తాగేస్తారు. మత్తుకు అలవాటుపడే ప్రమాదం ఉంది కాబట్టి వయసొచ్చిన పిల్లల కంట కూడా పడకూడదు. ఇంకో సీసాలోకి ఎప్పుడూ మార్చకండి.

ఇప్పుడు ఫోన్ చేసేటప్పుడు సిరప్ సీసా, జలుబు మాత్రల అట్ట, జ్వరం మాత్రల అట్ట, అల్ప్రజోలం, రామిప్రిల్ అన్నీ ఎదురుగా పెట్టుకోండి. "నాన్నగారు పగలు కూడా మగతగా ఉంటున్నారు, ఆయన తీసుకునేవన్నీ ఇవి" అని మొదలుపెట్టి, ఒక్కొక్కదాని వెనక సన్న అక్షరాల్లో ఉన్న పేర్లూ, రోజుకు ఎన్ని వేసుకున్నారో కూడా చదివి వినిపించండి. డాక్టరు ఏం చెప్పారో, మగత తగ్గిందో లేదో రేపు రాయండి, నేను చూస్తాను.